తెలిసిన గుండె

"రేపు పొద్దున నిన్ను చంపేస్తారు," అన్నాడు ఛీఫ్ ఫైలు మూస్తూ.

"అయితే ఎల్లుండికి లీవు అడగక్కర్లేదన్నమాట," అన్నాడు స్టెత్.

గుండె డాక్టరు కావడానికి చదువుతూ మధ్యలో వదిలేసి గూఢచారి అయ్యాడు కనుక డిపార్ట్‌మెంట్‌లో అతన్నందరూ స్టెతస్కోపుని కుదించి అలా పిలుస్తారు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. రెండు దేశాల మధ్య సంధి కుదర్చబోతున్న రాయబారికి గుండె నొప్పి. రేపు యాంజియోగ్రామ్. ఆ టేబుల్ మీదే ఆయన్ని చంపాలని 'గద్ద' అనే విదేశీ ముఠా ప్లాను. ఆయన్ని ఇప్పటికే వేరే చోటికి దాటించేశారు. ఆయనంతే ఒడ్డూ పొడుగూ ఉన్న స్టెత్ ఆ టేబుల్ మీద పడుకోవాలి. సెక్యూరిటీ పేరుతో తలకి టోపీ, ముఖానికి ఆక్సిజన్ మాస్కు. ఎవరూ పోల్చుకోలేరు.

"హంతకుడెవరు సార్?"

ఛీఫ్ ఒక ఫొటో ముందుకు తోశాడు. కెథెటర్లు, అంటే రక్తనాళంలోకి పంపే సన్నటి గొట్టాలు, అమ్మే కంపెనీ మనిషి. ఎర్రటి లిప్‌స్టిక్, చెంపన సొట్ట. "కోడ్ నేమ్ నెమలి. గద్ద జీతం తీసుకుంటుంది, మన జీతమూ తీసుకుంటుంది. అసలు ఎవరి మనిషో రేపు తేలాలి. ఆమె చేతుల మీంచి చూపు తిప్పకు."

"ప్రొసీజర్ ఎవరు చేస్తున్నారు?"

"మీ ప్రొఫెసరు."

స్టెత్ హాయిగా కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆయన చేతిలోనా? ఇంక నాకేం దిగులు!"

ఛీఫ్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "ప్రమాదం అనిపిస్తే 'చలేస్తోంది' అను. మాస్కులో మైక్ ఉంది. తలుపు బద్దలుకొట్టుకొని వచ్చేస్తాం."

మర్నాడు పొద్దున, యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్ నిజంగానే చల్లగా ఉంది. స్టెత్ ఒంటి నిండా ఆకుపచ్చ గుడ్డ కప్పారు. కుడి మణికట్టు ఒక్కటే బయట. గాజు తెర అవతల కంట్రోల్ రూమ్‌లో టెక్నీషియన్ పక్కన నెమలి నిలబడి ఉంది.

ప్రొఫెసరు వచ్చారు. మణికట్టు పట్టుకునే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చచేసుకున్నారు. ఆ అలవాటు పోలేదు.

ఛాతీ కోయకుండా రక్తనాళం గుండానే గుండెకి కొత్త వాల్వు అమర్చడం ఆయన జీవితకాలపు పరిశోధన. ఆ పరిశోధనకి మొదటి మెట్టు స్టెత్ గుండే. కొత్త కెథెటర్ పరీక్షకి వాలంటీరు కావాలంటే విద్యార్థిగా తనే పడుకున్నాడు. కుడివైపు పుట్టాల్సిన నాళం అతనికి ఎడమవైపు పుట్టి, పక్కదారి పట్టి చుట్టూ తిరిగి వచ్చింది. "నీ బుద్ధిలాగే ఇదీ వంకరేరా అబ్బాయ్," అని నవ్వి, అలాంటి నాళాలకే వంకర మొన ఉన్న కెథెటర్ తయారుచేశారాయన. ఆయన మొదటి పేపర్లో మొదటి బొమ్మ స్టెత్ గుండెదే.

సూది దిగింది. కెథెటర్ గుండె దాకా పాకింది. ప్రొఫెసరు మొదటి సిరంజితో కాస్త రంగుమందు ఎక్కించారు. పైన మానిటర్ మీద నాళాలు ఒక్క క్షణం నల్లగా మెరిసి మాయమయ్యాయి.

ఎప్పుడూ మానిటర్ మీంచి కళ్ళు తీయని మనిషి ఈసారి తల తిప్పుకున్నారు. రెండో సిరంజి అందుకున్నారు.

నెమలి చేతుల మీదున్న స్టెత్ చూపు ఉన్నట్టుండి ఇటు తిరిగింది. సిరంజి తోక, అంటే నొక్కే వైపు, కిందికి ఉంది. మొన దగ్గర వేలెడు గాలి, గుండె నాళంలోకి పోతే ప్రాణం తీసేంత.

"తోక పైకి పట్టుకోవాలిరా. గాలి తోక దగ్గరికి పోతుంది, రోగి ఇంటికి పోతాడు," అని నేర్పింది ఈయనే.

అంటే, హంతకుడు ఈయనే.

"చలేస్తోంది," అన్నాడు స్టెత్. మాస్కు కింద ఆ గొంతు ఎవరిదో పోల్చుకోలేనంతగా అణిగిపోయింది.

తలుపు తెరుచుకోలేదు.

"చలేస్తోంది!"

ఏమీ తెలియని నర్సు పరుగున వచ్చి పాదాల మీద వెచ్చటి దుప్పటి కప్పింది. "ఇంకాసేపేనండీ, అయిపోతుంది," అంది. ఆ క్షణాన అతనికి లోకంలో మిగిలిన దయ అంతా ఆ దుప్పటే.

ప్రొఫెసరు బొటనవేలు సిరంజి మీదికి వెళ్ళింది. గాజు అవతల నెమలి చెయ్యి ఒక బటన్ నొక్కింది. స్పీకరులో ఆమె గొంతు: "సార్, పిక్చర్ ఒక్కసారి చూడండి."

అలవాటు కొద్దీ ఆయన తలెత్తారు. తీసిన బొమ్మ మానిటర్ మీద మళ్ళీ మళ్ళీ ఆడుతోంది. ఎడమవైపు పుట్టి, పక్కదారి పట్టి చుట్టూ తిరిగి వచ్చిన నాళం.

బొటనవేలు ఆగిపోయింది.

"అబ్బాయ్," అన్నారు ప్రొఫెసరు.

సిరంజి ఊడదీసి చెత్తబుట్టలో పడేశారు. అప్పుడు తెరుచుకుంది తలుపు. తుపాకులతో మనుషులు లోపలికి వచ్చారు.

"ఉండండి," అన్నారు ప్రొఫెసరు. "మణికట్టు నొక్కి పట్టుకోవాలి. లేకపోతే రక్తం ఆగదు." కెథెటర్ లాగి, అక్కడ తన బొటనవేలే అదిమి పెట్టారు.

స్టెత్ రెండో చేత్తో మాస్కు తీసేశాడు. "ఎందుకు సార్?"

"నా వాల్వు ఇక్కడ అలమారాలో మూలుగుతోంది. కమిటీలు, మీటింగులు. ఆ గద్ద ముఠావాళ్ళు తయారుచేస్తామన్నారు. వేలమంది బతుకుతారు కదా, పోయేది ఒక్కడే కదా అనుకున్నాను."

"ఆ ఒక్కడూ నేనయ్యేసరికి లెక్క తప్పిందా?"

రక్తం ఆగే దాకా ఆయన వేలు తీయలేదు. ఆగాక, ఆ చేతికే బేడీలు వేయించుకున్నారు.

సాయంత్రం ఛీఫ్ గదిలో స్టెత్ కూర్చోలేదు.

"ఆయనేనని మీకు ముందే తెలుసు."

"తెలుసు. రుజువు లేదు. ముందే తలుపు తెరిస్తే పొరపాటున గాలి ఉండిపోయిందనేవాడు."

"నొక్కేసి ఉంటే?"

"నీ గుండె చూసి ఆగుతాడనుకున్నాను. నెమలి మన మనిషే, ఆ బొమ్మ ఆయన కళ్ళబడేలా చూడమని ఆమెకి ముందే చెప్పాను. ఆయన మొదటి పేపరు నేనూ చదివానోయ్."

"ఆమెకి చెప్పారు. నాకు చెప్పలేదు."

"చెబితే ఆయన చేతికింద పడుకునేవాడివా?"

స్టెత్ మణికట్టు మీది కట్టు వైపు చూసుకున్నాడు. తనని చంపబోయిన వేలే ఆపిన రక్తం. అది ఆగే ఉంది.

"చలేస్తోంది సార్," అన్నాడు.

ఈసారి ఛీఫ్ ఉలిక్కిపడి లేచి, తనే వెళ్ళి ఏసీ ఆపేశాడు.