లైట్ వెళ్ళిన నాలుగు నిమిషాలకి

"రేపు పొద్దున్నలోగా ముఠా మనిషి ఫెర్నర్ ల్యాబ్‌లోంచి ఆ పెట్టె ఎత్తుకుపోతాడు. నువ్వు పోనివ్వకూడదు. అంతే."

ఢిల్లీ మయూర్ విహార్‌లోని తన ప్రభుత్వ ఫ్లాట్‌లో చీఫ్ అనంతరామయ్య ఇచ్చిన బ్రీఫింగ్ అంతే. ఏజెంట్ పార్థసారథి కాఫీ సగంలో వదిలేసి లేచాడు. కిందటి మిషన్‌లో మనిషిని చేజార్చుకున్న దగ్గర్నుంచి అతనికి ఎక్కడా కాలు నిలవడం లేదు.

1997 జూన్ ఎండ మాడ్చేస్తోంది. ఘాజియాబాద్‌లోని ఓ ప్రైవేటు ల్యాబ్‌లోకి ఏసీ మెకానిక్ వేషంలో చేరాడు. జేబులో డిపార్ట్‌మెంట్ ఇచ్చిన నీలం గాజు పెన్‌టార్చి ఉంది. ఎర్ర దీపం గదిలో సైంటిస్ట్ జానకీదేవి చిన్న స్టీలు పెట్టె చూపించింది.

"అయిదు ప్రొటీన్ క్రిస్టల్స్. నా ఆరేళ్ళ కష్టం. రేపు ఫ్రాన్స్ ఫ్లైట్. అక్కడ లేజర్ కొట్టగానే ప్రొటీన్ ఆకారం మారుతుంది, వెనకే ఎక్స్‌రే మెరుపుతో ఫోటో. రెండింటి మధ్య గ్యాప్ మారుస్తూ తీస్తే, ఆ మార్పంతా సినిమాలా చూడొచ్చు."

"ముఠాకెందుకండీ ఇవి?"

"వెలుగుతో నడిచే కంప్యూటర్ మెమరీకి. పసుపు రంగు చూసి మరీ కొంటారు. నీలం వెలుగు పడితే ఆ రంగు పోతుంది, తీసేస్తే సెకనులో..."

ఫోన్ మోగింది. పార్థసారథి ఒక్క గంతులో అందుకున్నాడు. అవతల కస్తూరి. లేజర్ సర్వీస్ ఇంజనీరుగా ల్యాబ్‌లో తిష్ఠవేసిన ఫెర్నర్‌కు అందాల సెక్రటరీ. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది, నిజానికి అనంతరామయ్య మనిషి. ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల.

"ఏసీలో గ్యాస్ ఉందా, భయ్యా?"

"నిండుగా ఉంది, దీదీ."

"లైట్ వెళ్ళిన నాలుగు నిమిషాలకి." క్లిక్.

లైట్ అంటే లేజరే అనుకుని పార్థసారథి లేజర్ గది ముందు కాపు కాశాడు. మూడింటికి ఫెర్నర్ లేజర్ ఆపాడు. స్టాప్‌వాచ్ పరిగెత్తింది. నాలుగు నిమిషాలు. పది. ఇరవై. ఏమీ జరగలేదు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. కస్తూరి తనను ఏమార్చిందా? ఆ అనుమానంతో వరండాలో పిచ్చెత్తినట్టు తిరిగాడు.

మూడూ నలభైకి ఫ్యాన్లు ఆగిపోయాయి.

"అరే, లైట్ చలీ గయీ!" గేటు దగ్గర వాచ్‌మన్ కేకేశాడు.

పార్థసారథి నుదురు కొట్టుకున్నాడు. అతని రాజమండ్రిలో పోయేది కరెంటు. ఢిల్లీ పిల్ల తెలుగులో వెళ్ళేది లైట్!

"మేడమ్, క్రిస్టల్ గది తాళం?" ఎదురొచ్చిన జానకీదేవిని అడిగాడు.

"ఎలక్ట్రిక్. బ్యాటరీ నాలుగు నిమిషాలే వస్తుంది. తర్వాత దానంతటదే తెరుచుకుంటుంది. జనరేటర్ ఏమైందీ?"

జనరేటర్‌లో డీజిల్ చుక్క లేదు. ఆ పని ఎవరు చేశారో అడగక్కర్లేదు. పార్థసారథి మెట్లమీద పరుగెత్తేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఫెర్నర్, ఓ చేతిలో పిస్టల్. పక్కన కస్తూరి పెట్టె తెరిచి టార్చి పట్టింది. సన్నటి గాజు గొట్టాల్లో ఆవగింజంత పసుపు.

కాల్చడానికి వీల్లేదు, ఆ ఆరేళ్ళూ బల్లమీదే ఉన్నాయి. పార్థసారథి పెన్‌టార్చి తీసి నీలం వెలుగు సూటిగా వాటిమీద పోశాడు.

పసుపు వెలిసిపోయింది.

"నో!" ఫెర్నర్ పెట్టెమీదికి వంగాడు. కస్తూరి హైహీల్ అతని పాదంమీద దిగింది. పిస్టల్ నేలమీద పడింది, ఆ పక్కనే ఫెర్నర్. కస్తూరి అతనికి సంకెళ్ళు వేసింది.

రొప్పుతూ వచ్చిన జానకీదేవి పెట్టె చూసి నిలువునా నీరైపోయింది. "మీరేం చేశారండీ!"

"మీరు చెప్పిందే." పార్థసారథి టార్చి ఆర్పాడు. ఒక్క సెకను. పసుపు తిరిగొచ్చింది. సంకెళ్ళలో ఉన్న ఫెర్నర్ కూడా నోరు తెరిచి చూశాడు.

మర్నాడు పొద్దున్న ఆ పెట్టె జానకీదేవి ఒళ్ళో విమానమెక్కింది. అనంతరామయ్య ఫ్లాట్‌లో పార్థసారథి మొదటిసారి స్థిమితంగా కూర్చుని కాఫీ అందుకున్నాడు.

"డాడీ, లైట్ వెళ్ళింది!" లోపల్నుంచి చీఫ్ గారమ్మాయి.

కప్పు నేలమీద భళ్ళుమంది. పార్థసారథి అప్పటికే మెట్లమీద ఉన్నాడు.