రొయ్యలకు ఉపవాసం

"మీ రొయ్య చచ్చిపోయిందప్పా! తొందరగా రాండి!"

అంతే, క్లినిక్ నర్సు ఫోన్ పెట్టేసింది.

నేనప్పుడు మహదేవపురలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రిసెప్షన్‌లో చేపల ట్యాంకు శుభ్రం చేస్తూ, మోచేతుల దాకా ఉప్పునీళ్లలో ఉన్నాను. చేతులు తుడుచుకోకుండానే బైక్ తీశాను. హూడి చేరేదాకా ఒకటే దిగులు. రొయ్యలు పోతే ట్యాంకు పోతుంది. ట్యాంకు పోతే నా గురువారాలు పోతాయి.

2007 నాటి మాట. హూడిలో డాక్టర్ ప్రమీలగారి పిల్లల క్లినిక్ హాల్లో పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు ఒకటి ఉండేది. దానికో పీడ పట్టుకుంది. చూడ్డానికి గోరంత గోధుమరంగు పువ్వులు, చేసేది మాత్రం పక్కనున్న పగడాల్ని కుట్టి చంపడం. మేం వాటికి కుట్టుపూలని పేరు పెట్టాం. పీకితే తెగిన ప్రతి ముక్కా మళ్లీ ఒక పువ్వవుతుంది. మందు పోస్తే పగడాలూ చస్తాయి. అందుకే వాటిని తినే ఎర్రచారల రొయ్యల్ని, నాలుగింటిని, చెన్నై నుంచి తెప్పించి వదిలాను.

మామూలుగా ఇలాంటి ట్యాంకుకు నెలకోసారి వెళ్తే చాలు. ఈ పీడ పుణ్యమా అని ప్రతి గురువారం వెళ్తున్నాను. అక్కడ నర్సు ఎవాంజెలిన్. "ఏమప్పా, స్టీఫెన్ అని పేరు చెప్పేలోగా చేపల వాసన వస్తా ఉండాదే!" అని ఆమె ముక్కు చిట్లించిన మొదటి గురువారమే నా పని అయిపోయింది.

వెళ్లేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో మందుల అట్టపెట్టె. లోపల దూది మీద రొయ్య.

"ప్రార్థన కూడా చేసేసినా. వెనకాల పూలకుండీలో పూడ్చాల."

తీసి వెలుతురులో చూశాను. షాక్! లోపల ఏమీ లేదు.

"సిస్టర్, ఇది శవం కాదు, పొట్టు. ఒళ్లు పెరిగితే రొయ్య పాత పొట్టు విడిచేస్తుంది. అసలు రొయ్య రాళ్ల సందులో దాక్కుని ఉంటుంది."

"అయితే నేను పొట్టుకు ప్రార్థన చేసినానా!"

నవ్వకూడదని తెలిసీ నవ్వేశాను.

"పొద్దున్నుంచి నేను ఏడుస్తా ఉంటే నీకు నవ్వులాటగా ఉండాదా?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. కోపంలోనైనా నాకది బాగానే ఉంది.

ఇంతలో డాక్టరుగారు బయటికొచ్చారు. "ఏం స్టీఫెన్, నెలైంది. ఆ పువ్వులు తగ్గకపోగా డబుల్ అయ్యాయి. ఇంకో రెండు వారాలు చూస్తాను. క్లీన్ కాకపోతే సారీ, ట్యాంక్ తీసేసి టీవీ పెట్టిస్తా."

చేతిలోని పొట్టు వైపు చూశాను. ఎంత పెద్దదో! కుట్టుపూలు ముట్టకుండా ఈ రొయ్య ఏం తిని ఇంత బలిసింది?

అప్పుడే ఎవాంజెలిన్ అద్దం దగ్గరికి వెళ్లింది. అంతే, మూడు రొయ్యలు రాళ్లలోంచి పరుగెత్తుకొచ్చి ఆమె ఎదుట మీసాలు ఊపుతూ నిలబడ్డాయి. నాకైతే పగటిపూట వాటి తోక కూడా ఎప్పుడూ కనపడలేదు.

"వీటికి ఎవరు తిండి పెడుతున్నారు సిస్టర్?"

ఆమె తల దించుకుంది. "దినామూ ఒక చేపముక్క. ఉప్పూ కారం లేకుండా వేరేగా ఉడకబెట్టి తెస్తా ఉండా."

"అయ్యో! కడుపు నిండితే అవి ఆ పూలు ముట్టవని మొదటి రోజే చెప్పాను కదా!"

"చెప్పినారు. అందుకే పెట్టినా."

నాకు అర్థం కాలేదు.

"పూలన్నీ అవి తినేస్తే వారం వారం మీరెందుకు వస్తారప్పా?"

చేతిలో పొట్టు నలిగి పొడైపోయింది. నెల రోజులుగా నా రొయ్యల్ని చెడగొట్టింది ఈ పిల్ల, అదీ నా కోసం!

"ట్యాంకే తీసేస్తారని నాకేం తెలుసు," అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆ రోజు నుంచి రొయ్యలకు ఉపవాసం. మూడో రోజు ఫోన్ చేసింది. "అద్దం కాడికొచ్చి నన్నే చూస్తా ఉండాయి, పాపం."

"మీరు అటు తిరిగి నిలబడండి."

అయిదో రోజుకి ఆకలి గెలిచింది. పన్నెండో రోజుకి ట్యాంకులో ఒక్క కుట్టుపువ్వూ లేదు.

"ఎక్సలెంట్! ట్యాంక్ ఉంటుంది," అన్నారు డాక్టరుగారు. "ఇక నెలకోసారి వస్తే చాలు స్టీఫెన్." ఆ వెంటనే అటు తిరిగి, "ఎవాంజెలిన్, నువ్వడిగినట్టే నీ వీక్లీ ఆఫ్ గురువారానికి మార్చేశాను," అన్నారు.

వచ్చేదే నెలకో గురువారం. ఆ రోజు కూడా ఉండనని ఈమే అడిగి మార్పించుకుందా! బ్యాగు తగిలించుకుని బైక్ దగ్గరికి నడిచాను.

గేటు దాకా పరుగెత్తుకొచ్చింది.

"నెలకొకటి పోతే మిగతా గురువారాలు మీకు ఇంక ఇక్కడ పని లేదు. నాకూ లేదు. ఎక్కడికి పోదాం?"

అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆగలేకపోయాను. "నువ్వంటే నాకు ప్రాణం ఎవాంజెలిన్!" అని అరిచేశాను. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"అది తెలుసులే," అందామె సిగ్గుతో చుట్టూ చూస్తూ. "మా నాయనకు చెప్పేటప్పుడు మాత్రం ఇట్లా అరవాకప్పా."