ఐస్‌క్రీం పెట్టెలో వేయించిన చేప

పొద్దున్నే దుకాణం తలుపు తీయగానే రోజెటా మొదట చేసే పని నూనె వాసన చూడటం. నిన్నటి నూనె ఇంకో పూటకు పనికొస్తుందో లేదో ముక్కుతోనే తేల్చేస్తుంది. ఆ రోజు పనికొస్తుందని తేల్చి భర్త హోలిస్‌కు సైగ చేసింది. అతను మల్లెట్ చేపలను మొక్కజొన్న పిండిలో పొర్లించడం మొదలుపెట్టాడు. అమెరికా దక్షిణ తీరంలో మోబిల్ రేవు వెనక వీధిలో ఆ దుకాణానికి పేరొచ్చింది చేపల వల్లే. అద్దాల బీరువాలో ఒక పక్క మంచు మీద పచ్చి చేప, ఇంకో పక్క ఎర్ర దీపం కింద వేయించిన చేప ఉంటాయి.

రెంటికీ మధ్య జానెడు దూరమే గానీ, గల్లా దగ్గరికొచ్చేసరికి అవి రెండు లోకాలు. ప్రభుత్వం ఇచ్చే ఆహార కార్డు మీద పచ్చి చేప కొనుక్కోవచ్చు, చల్లారిన చేప కొనుక్కోవచ్చు. పొగలు కక్కే చేపకు మాత్రం చేతి డబ్బు పెట్టాల్సిందే. ఆ పేటలో సగం ఇళ్ళు కార్డు మీదే నడుస్తాయి. వేడి తిండి కార్డు మీద అమ్మినట్టు తేలితే కార్డు గీకే యంత్రాన్ని పీక్కుపోతారు. యంత్రం పోయాక దుకాణం మిగలదు. అందుకే రోజెటా ఎవరికీ మినహాయింపు ఇవ్వదు. "చల్లగా ఉంటే కార్డు, వేడిగా ఉంటే నోటు" అని వచ్చినవాళ్ళందరికీ ఒకే మాట అప్పజెబుతుంది.

ఆమె తల్లి ఎర్లీన్ పక్క సందులోనే ఒంటరిగా ఉంటుంది. ఒకప్పుడు ఓడల కర్మాగారం క్యాంటీన్‌లో వంట చేసిన మనిషి. పోయిన చలికాలం గిన్నె పొయ్యి మీద పెట్టి మర్చిపోయింది. వంటింటి తెర అంటుకుంది. అదృష్టం కొద్దీ పక్కింటివాళ్ళు చూశారు. మర్నాడే రోజెటా వెళ్ళి గ్యాసు పొయ్యికున్న నాబ్‌లన్నీ పీకి తెచ్చేసింది. బదులుగా ఒక మైక్రోవేవ్ కొనిచ్చింది. దుకాణం నుంచి వేడి భోజనం పంపితే ఎర్లీన్ దాన్ని పక్కింటి కుక్కకు పెట్టి, ఖాళీ డబ్బా కడిగి తిప్పి పంపింది.

ఆ రోజు చర్చి నుంచి వస్తూ అక్కడ అందరూ సిస్టర్ అని పిలిచే ఒవీటా పుల్ల ఐసుల కోసం దుకాణంలోకి వచ్చింది. ఐస్‌క్రీం పెట్టె మూత ఎత్తి, ఒక్క క్షణం ఆగి, ముక్కు ఎగబీల్చింది.

"రోజెటా, కొత్త రకం ఏమైనా తెచ్చావా? మీ ఐస్‌క్రీం చేప వాసన కొడుతోంది."

రోజెటా గల్లా వదిలి వచ్చి చూసింది. పుల్ల ఐసుల కింద వేయించిన చేప పొట్లం ఉంది. దాని వేడికి చుట్టూ ఉన్న ఐసులు కరిగి ఎర్రనీళ్ళయ్యాయి. పెట్టె పక్కనే చేతికర్ర మీద ఆనుకుని ఎర్లీన్ కాపలాగా నిలబడి ఉంది.

"ముట్టుకోకే. అది నాది. ఇంకా చల్లారలేదు."

"ఏంటమ్మా ఇది?"

"చల్లగా ఉంటే కార్డు అన్నావుగా. చల్లబెడుతున్నా. హోలిస్ పొట్లం కట్టిచ్చాడు, బిల్లు నీ దగ్గరేగా."

ఒవీటా నవ్వాపుకోలేకపోయింది. పొయ్యి దగ్గర నుంచి హోలిస్ తొంగిచూసి, "చల్లదని బిల్లు కొట్టేయవే. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"నేనైతే కళ్ళు మూసుకున్నా," అంది ఒవీటా. కళ్ళు తెరిచాక ఆమె గొంతు మారింది. "కాకపోతే మా నాన్న మంచాన పడి వేడివేడిగా చేప తినాలనుందంటే, నువ్వు కార్డు గీకనన్నావు. అది మాత్రం గుర్తుంది నాకు."

రోజెటా మొహం మాడిపోయింది. "అందుకే మా అమ్మకీ గీకను. అమ్మా, డబ్బులొద్దు. తీసుకెళ్ళి తిను."

"నీ కౌంటర్ ముందు ఊరికే చెయ్యి చాచమంటావా? నా దగ్గర కార్డుంది."

"మరి చల్లారిన చేప ఏం తింటావు? ఆ మైక్రోవేవ్ ఎందుకు కొనిచ్చాను?"

"అందులో పెడితే చేప తడిసిన చెప్పులా అవుతుంది. నువ్వు తిన్నావా ఎప్పుడైనా? పెనం మీద వెచ్చజేసుకుంటే..." ఎర్లీన్ ఆగిపోయింది. "పెనం ఉంది గానీ పొయ్యి లేదు కదూ. మర్చిపోయా."

రోజెటా ఒవీటాకు చిల్లర ఇచ్చేందుకు గల్లా సొరుగు లాగింది. నాణేల వెనక నుంచి నల్లటి గుండ్రటి నాబ్‌లు ముందుకు దొర్లాయి. ఎర్లీన్ వంగి చూసింది.

"నా పొయ్యివేగా అవి? గల్లాపెట్టెలో పెట్టుకున్నావేంటే. నేనేమన్నా నీ దగ్గర తాకట్టు పెట్టానా?"

"ఇల్లు తగలబడేదమ్మా. నువ్వు కూడా పోయేదానివి."

"తెర అంటుకున్న మాట నిజమే. నాకూ భయమేసింది. ఆ రాత్రంతా నిద్రపోలేదు. అదొక్కటి అడగలేదు నువ్వు. స్క్రూడ్రైవర్ పట్టుకొచ్చావు."

ఆమె కార్డు సంచిలో వేసుకుని, చేతికర్ర టకటకలాడిస్తూ వెళ్ళిపోయింది. పొట్లం ఐస్‌క్రీం పెట్టెలోనే ఉండిపోయింది. ఒవీటా కూడా చిల్లర తీసుకుని బయటికి నడిచింది.

మధ్యాహ్నం వరకూ బేరం బాగానే సాగింది. సొరుగు తెరిచినప్పుడల్లా నాబ్‌లు దొర్లాయి. ఏ సరుకైనా కొన్న ధరా అమ్మిన ధరా చూసుకుని గానీ ముట్టని రోజెటాకు, ఈ బేరం ఒక్కటే లెక్క కుదరలేదు. తల్లి దగ్గర నిప్పు తీసుకుంది. బదులుగా ఆ మైక్రోవేవ్ డబ్బా ఇచ్చింది. ఎదుటివాళ్ళను అడగకుండా చేసిన బేరం అదొక్కటే.

జనం పలచబడ్డాక ఆ పొట్లం తీసి విప్పింది. ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నూనె మైనంలా గడ్డకట్టి నాలుకకు అంటుకుంది. పిండి పొర నానిపోయి ఊడొచ్చింది. మింగలేకపోయింది. ఇది తినడానికి సిద్ధపడింది అమ్మ. కూతురి దుకాణానికి మాట రాకూడదని, కూతురి నియమాన్ని అందరికంటే నమ్మకంగా పాటించి, ఐస్‌క్రీం పెట్టె పక్కన కాపలా కాసింది. రోజెటా కాగితంలో ముక్క ఉమ్మేసి, ముంగిటకు వీపు తిప్పి ఏడ్చింది.

"ఏమైందే?" అన్నాడు హోలిస్.

"ఏం లేదు. గల్లా చూసుకో."

ఒక నాబ్ జేబులో వేసుకుని పక్క సందుకు వెళ్ళింది. ఎర్లీన్ రొట్టె ముక్క నీళ్ళలో ముంచుకు తింటోంది. రోజెటా నాబ్‌ను బల్ల మీద పెట్టింది.

"దుకాణానికి రా అమ్మా. చేప కొనుక్కుందువు. పచ్చిది."

ఎర్లీన్ నాబ్ వైపు, కూతురి ఉబ్బిన కళ్ళ వైపు చూసింది. లేచి చెప్పులు వేసుకుంది.

అద్దాల బీరువా ముందు ఆమె మళ్ళీ క్యాంటీన్ వంటమనిషి అయిపోయింది. "దీని కన్ను చూడు. నిన్నటిదే ఇది."

"పొద్దున దిగిందే అమ్మా."

"నాకు చెప్తావా. పక్కదాన్ని తియ్యి." కార్డు తనే గీకి, అంకెలు తనే నొక్కింది. యంత్రం కిచకిచమని కాగితం కక్కింది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో రోజెటా నాబ్ బిగించి, గోడకు ఆనుకుని నిలబడింది. ఎర్లీన్ చేపను విరగకుండా ఒక్క ఊపులో తిప్పింది. ఉప్పు చల్లింది. ఉల్లిపాయ తరిగొచ్చి మళ్ళీ ఉప్పు చల్లింది. రోజెటా చూసింది. నోరు మెదపలేదు.

వేడివేడి చేప ఇద్దరి పళ్ళాల్లో పడింది. తల్లి ఇంట్లో ఆ బల్ల దగ్గర తను కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో రోజెటాకు గుర్తు రాలేదు. నాలుక కాలింది. ఉప్పు కళ్ళలో నీళ్ళు తెప్పించింది.

"ఎలా ఉంది?"

తూకంలో ఏనాడూ తేడా చేయని మనిషి, "సరిపోయిందమ్మా," అంది.

ఎర్లీన్ ఒక ముద్ద నమిలి తలెత్తింది. "అబద్ధం. రెండుసార్లు వేశాను. చూస్తూ ఊరుకున్నావు." ఉప్పు డబ్బాను కూతురి వైపు జరిపింది. "ఇంకెప్పుడూ ఊరుకోకు. నాకు చెప్పు. ఈ మధ్య నాకు తెలియట్లేదు."

రోజెటా తలూపింది.

తిన్నాక రోజెటా, ఇంకా సన్నగా వెలుగుతున్న పొయ్యి వైపు నడిచి, తటపటాయించి ఆగిపోయింది. ఎర్లీన్ ముందుకొచ్చి మంట ఆర్పింది. ఆరిందో లేదో వంగి చూసుకుంది. నాబ్ తనే లాగి, అంటిన నూనెను వంటగుడ్డతో తుడిచి, కూతురి అరచేతిలో పెట్టింది.

"రేపు ఆకలి మీద రా. దీన్ని మర్చిపోకు. చేప నా కార్డు మీద, నిప్పు నీ పూచీ మీద."