సరేగారి సొంత మాట

పొద్దున్నే టైలరమ్మ మిషను ముందు కూర్చుని సూదిలోకి దారం ఎక్కించేసరికే వరండాలో చెప్పులు గుమ్మం దాకా వచ్చేశాయి. ఆ చెప్పుల్ని చూసి వచ్చినవాళ్ళు ఎవరో, ఎంత కోపంగా వచ్చారో ఆమె చెప్పగలదు. ఇవాళ అన్నీ అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. అంటే అందరూ ఒకే మాట మీద, ఒకే ఊపులో వచ్చారన్నమాట.

ఆమె మొగుడు ఆ వార్డు కౌన్సిలరు. అంతకు ముందు నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడు. అప్పుడు ఇంటికి చెడిపోయిన మోటార్లు వచ్చేవి, ఇప్పుడు మనుషులు వస్తున్నారు. మోటార్లయితే బాగయ్యాక వెళ్ళిపోయేవి అని ఆమె ఎగతాళి. ఎవరేమన్నా "సరే" అంటాడని ఊళ్ళో ఆయనకి సరేగారు అని పేరు పడింది. ఆ పేరంటే ఆయనకి లోలోపల గర్వం కూడా.

"అన్నా, ఆ మూతపడ్డ హాస్టలు సంగతి మధ్యాహ్నం మీటింగులో తేలిపోవాలి," వరండాలోంచి ఒక గొంతు వినిపించింది. "మతి చెడినవాళ్ళని తెచ్చి మన పిల్లలు బడికెళ్ళే దారిలో పెడతారా?"

"మతి చెడి బాగైనవాళ్ళంట," ఇంకెవరో సరిదిద్దారు.

"బాగైతే ఇళ్ళకి పోవచ్చుగా? ఇళ్ళవాళ్ళే రానివ్వనివాళ్ళని మనం ఎందుకు రానివ్వాలి?"

ఆ మాటకి అందరూ ఔనౌనన్నారు. ఎదురింటి మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, "చూడు నాయనా, కౌన్సిల్లో అటు సగం, ఇటు సగం ఉన్నారు. నీ చెయ్యి ఎటు లేస్తే అటే. మూడు వీధులవాళ్ళం వద్దంటున్నాం. ఇంక నీకు ఆలోచించుకునే పని కూడా లేదు," అన్నాడు.

"సరే మాస్టారూ. మీ మాటే నా మాట," అన్నాడు సరేగారు.

మిషను తొక్కుతున్న కాలు ఆగిపోయింది. ఆమె చేతిలో ఉన్నది ఆ మాస్టారి చొక్కాయే. కుట్టు అంతా అయినట్టే, ఇంక కాజాలు కుట్టాలి. గుండీ దూరే చీలిక చుట్టూ చేత్తో వేసే ఆ సన్నటి కుట్టు ఆమెకి ఎన్నడూ కుదరలేదు. ఆ పని మొదటినుంచీ ఆడపడుచుదే. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మిషను చప్పుడు మీదుగా కబుర్లు చెప్పుకుంటూ పనిచేసేవాళ్ళు. వదిన నోరు తెరిస్తే మరదలు నవ్వేది. మరదలు పాట అందుకుంటే వదిన మిషను ఆపేది.

ఆ పిల్లకి ఒక ఎండాకాలం ఉన్నట్టుండి పంపు నీళ్ళలో విషం కలుపుతున్నారని భయం పట్టుకుంది. ఇల్లిల్లూ తిరిగి, తాగొద్దు తాగొద్దంటూ బిందెలు ఒంపేసింది, కుళాయిలు గుడ్డలతో బిగించి కట్టేసింది. వీధివాళ్ళంతా వచ్చి ఇదే వరండాలో నిలబడ్డారు. పిల్ల ఎవరికీ తెలియకుండా దూరాన ఉన్న ఆసుపత్రికి వెళ్ళింది. మందులతో మనిషి కుదుటపడింది. పక్కనే ఉన్న వసతి ఇంట్లోకి మారింది. కానీ తిరిగి రాలేదు. ఎందుకంటే ఆ పాటికి, అమ్మాయికి దూరపు ఊళ్ళో పెళ్ళయిందని అందరికీ చెప్పేశారు.

అప్పట్నుంచీ టైలరమ్మ కాజాలు లేని చొక్కాలన్నీ మూటగట్టి పార్సిలు బస్సులో పంపుతుంది. ఆ మూట కాజాలతో తిరిగి వస్తుంది. మీ చేతి కాజా చిరిగేదాకా చొక్కా ఉండదమ్మా, చొక్కా చిరిగినా కాజా ఉంటుంది అని ఊళ్ళోవాళ్ళు మెచ్చుకుంటే ఆమె తలొంచుకుని ఊరుకుంటుంది.

కిందటి ఆదివారం ఫోనులో మరదలు అడిగింది. "వదినా, మన ఊళ్ళోనే, ఆ మూతపడ్డ హాస్టల్లో, మాలాంటివాళ్ళకి ఒక ఇల్లు తెరుస్తారంటగా? మందులిచ్చే నర్సు కూడా అక్కడే ఉంటుందంట. నేను ఇంట్లోకి రానులే. అన్నయ్యకి ఇబ్బంది. ఆ పక్కన ఉంటే చాలు. పగలు వచ్చి నీ ఎదురుగా కూర్చుంటా. ఎవరన్నా అడిగితే పనిమనిషినని చెప్పు."

పనిమనిషినని చెప్పు! ఆ మాట విన్న దగ్గర్నుంచీ టైలరమ్మ మిషను ఎదురుగా ఉన్న ఖాళీ చోటు వైపు చూడలేకపోతోంది.

జనం వెళ్ళాక సరేగారు అన్నానికి కూర్చున్నాడు. మీటింగుకి తొందరగా వెళ్ళాలి. అత్తగారు గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. ఆవిడకి చెవులు బాగానే వినిపిస్తాయి, కాకపోతే అక్కర్లేని మాటలకి వినపడనట్టు ఉండడం అలవాటు చేసుకుంది.

"ఏం చేస్తారు మీటింగులో?" కూర వడ్డిస్తూ అడిగింది టైలరమ్మ.

"ఏముంది. వార్డంతా వద్దంటోంది. నేనూ వద్దంటాను."

"వార్డు ఏమంటోందో వరండాలో విన్నాను. మీరేమంటారు?"

"నాకు వేరే మాట ఎక్కడుందే? మీ నోరై ఉంటానని చెప్పి గెలిచాను. నా తెలివి చూసి వెయ్యలేదు వాళ్ళు ఓట్లు."

"నోరే కావాలంటే ఒక మైకు కొనుక్కునేవాళ్ళు. మీకంటే గట్టిగా అరుస్తుంది. మధ్యలో టీ కూడా అడగదు."

అత్తగారు కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. సరేగారి మొహం మాడిపోయింది.

"వేళాకోళాలొద్దు. నా ముందున్నాయన జనం మాట లెక్కచెయ్యలేదు. వద్దు మొర్రో అంటున్నా కాలవ మీద కొట్లు కట్టించాడు. వానకి ఈ వీధి నడుం లోతు మునిగింది, మన మంచాలు తేలాయి. గుర్తుందా? అప్పుడు జనం చెప్పిందే నిజమైందా కాదా? వాళ్ళ మాట వినకపోతే నేనెవర్ని? రాజునా?"

ఆమె గరిటె కింద పెట్టింది. ఆ మాటలో తప్పులేదు. ఆ వరదలో తనూ నెత్తిన మిషను పెట్టుకుని ఎక్కింది మేడ.

"నిజమే. కాలవ వాళ్ళ గుమ్మాల ముందే పారేది. రోజూ చూసేవాళ్ళు, అందుకే తెలిసింది. ఈ సంగతి వాళ్ళకేం తెలుసండీ? ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళం ముగ్గురం, ఈ గదిలోనే ఉన్నాం. ముగ్గురం నోళ్ళు కుట్టేసుకున్నాం. తెలిసింది మనం దాచిపెట్టి, తెలియనివాళ్ళని ఏమంటారని అడిగి, వాళ్ళన్నదాన్ని జనం మాట అంటే ఎట్లా? అందులో మీ మాట కలవలేదుగా. మీరూ ఆ జనంలో ఒకరేగా?"

"చెబితే ఏమవుతుందో తెలుసా? ఇన్నేళ్ళూ అబద్ధం చెప్పాడంటారు."

"అంటారు."

"మళ్ళీ గెలవను."

"గెలవకపోతే మోటార్లు బాగుచేసుకుందురుగాని. అప్పుడు మీరు ఎంత పొగరుగా ఉండేవారో! గోడకి ఏ రంగు వెయ్యాలని వారం రోజులు పోట్లాడారు నాతో. ఆ రంగు నాకు నచ్చలేదు, ఆ పోట్లాట నచ్చింది. ఇప్పుడు ఏ కూర వండమన్నా, నీ ఇష్టం, వాళ్ళ ఇష్టం, సరే, సరే... ఎన్నాళ్ళయిందండీ మీ గొంతు విని!"

సరేగారు కంచంలో అన్నం ఓ పక్కకి నెట్టాడు.

అప్పుడు కదిలింది అత్తగారు. "పెళ్ళయిందని మొదట అన్నది నేనేరా. పంపు దగ్గర ఎవరో అడిగితే నోటికొచ్చింది. అల్లుడేం చేస్తాడంటే లారీల వ్యాపారమన్నాను. తర్వాత ఎవరడిగినా బాగున్నాడన్నాను. ఇన్నేళ్ళలో లేని అల్లుడికి ఇంకో రెండు లారీలు కూడా కొనిపెట్టాను."

నవ్వబోయి ఎవరూ నవ్వలేకపోయారు. ఆవిడ కళ్ళు ఒత్తుకుంది.

"నాకా అల్లుడు వద్దురా నాన్నా. నా పిల్ల కావాలి. చూపు ఉండగానే కావాలి."

సరేగారు సగం కంచంలోనే చెయ్యి కడిగేశాడు. తువ్వాలుకి తుడుచుకోకుండానే వరండాలోకి వెళ్ళాడు. కాసేపు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత ఎదురింటి వైపు తిరిగి, "మాస్టారూ! ఒకసారి అందర్నీ పిలవండి," అని కేకేశాడు. ఆ కేకకి టైలరమ్మ ఉలిక్కిపడింది. పూర్వం మోటారు తిరుగుతుంటే దాని మీదుగా మాట్లాడే గొంతు అది.

మళ్ళీ చెప్పులు చేరాయి. ఆమె తలుపు వారన నిలబడింది.

"నా చెల్లెలికి పెళ్ళి కాలేదు," అన్నాడాయన ఎత్తుకోవడమే. "పంపులు కట్టేసిన పిల్లని ఆసుపత్రికి పంపాం. బాగైంది. బాగైనా తెచ్చుకోలేదు. మీకు అబద్ధం చెప్పాను కాబట్టి తెచ్చుకోలేదు. పొద్దున ఒకాయన అడిగారు, ఇళ్ళవాళ్ళే రానివ్వనివాళ్ళని మనం ఎందుకు రానివ్వాలని. ఆ రానివ్వని ఇల్లు ఇదే."

సరేగారు మాస్టారు తొడుక్కున్న చొక్కా వైపు వేలు చూపించాడు.

"మీ చొక్కాకి కాజాలు కుట్టింది నా చెల్లెలు. మా ఆవిడకి రావు. మీరందరూ తొడుక్కున్నది ఆ పిల్ల చేతి పనే."

మాస్టారి చెయ్యి తనకి తెలియకుండానే గుండీ మీదకి పోయింది. వెనకనుంచి ఒకడు లేచాడు. "అంటే మమ్మల్ని మోసం చేశావన్నమాట! మీ ఇంటి అవసరం వచ్చేసరికి ఊరి మీదికి తెస్తావా?"

"మోసం చేశాను. నా ఇంటి అవసరమూ ఉంది. అది దాచుకుని చెయ్యెత్తడంకంటే చెప్పి ఎత్తడం నయమనిపించింది. ఆ ఇల్లు కావాలని ఎత్తుతాను."

"మా మాటకి విలువ లేదా మరి?" ఒకామె చంకలో పిల్లని సర్దుకుంటూ అడిగింది. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది.

సరేగారు ఆమె వైపు తిరిగాడు. "ఉందమ్మా. నీకు భయమేసిన రోజు నన్ను పిలువు, నీతో కలిసి ఆ హాస్టలు గేటు దాకా నేనే వస్తాను. ఏ తేడా వచ్చినా నన్ను నిలదియ్యి. నేను చేసింది తప్పనిపిస్తే ఈసారి నాకు ఓటు వెయ్యకు. అది నీ చేతిలో ఉంది. ఇవాళ ఎత్తే చెయ్యి మాత్రం నాది. ఎత్తాక నిద్రపట్టాల్సింది కూడా నాకే."

సగం మంది చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. ఒకాయన పోతూ పోతూ గేటు విసురుగా వేశాడు. మాస్టారు కుర్చీలోంచి లేచాడు.

"నా మాట ఇప్పటికీ వద్దనేనయ్యా. మా కొత్త బిందె సొట్టపోయింది ఆ రోజు," అన్నాడు. మెట్లు దిగి ఆగాడు. "కానీ చెప్పావు. అది బాగుంది."

మీటింగు అయ్యేసరికి పొద్దు వాలింది. సరేగారు ఇంటికి వచ్చి చొక్కా విప్పకుండానే మిషను పక్కన నేలమీద కూలబడ్డాడు. ఇల్లు తెరవాలన్న మాటే ఒక్క చెయ్యి ఎక్కువతో గెలిచిందని చెప్పాడు. దారిలో ఇద్దరు పలకరించలేదని కూడా చెప్పాడు. ఆమె ఏమీ అడక్కుండా మంచినీళ్ళిచ్చి, మరదలుండే వసతి ఇంటి నంబరుకి ఫోను కలిపింది. ఎప్పుడు ఫోను చేసినా ఆయన గుమ్మం దగ్గరే నిలబడి, బాగుందా అని అడుగు అనేవాడే తప్ప దగ్గరికి వచ్చేవాడు కాదు. ఇవాళ చెయ్యి చాపాడు.

"అమ్మలూ," అన్నాడు.

అవతలనుంచి చిన్నగా, "అన్నయ్యా?"

"ఆ. నేనేనమ్మా. ఇల్లు తెరుస్తున్నారు. నువ్వు వస్తున్నావు."

"నిజంగా? వీధివాళ్ళు ఒప్పుకున్నారా?"

ఆయన టైలరమ్మ మొహంలోకి చూశాడు. తల్లి గోడ పట్టుకుని లేచి దగ్గరికి వచ్చింది.

"అందరూ ఒప్పుకోలేదమ్మా."

"మరి?"

"నేను ఒప్పుకున్నాను."

అవతలనుంచి ఏడుపు వినిపించింది, తర్వాత ముక్కు చీదుకున్న చప్పుడు, ఆ తర్వాత, "అయితే వస్తాను," అన్న మాట. సరేగారు ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి ఆయనకి రెండో చెయ్యి ఖాళీ లేదు. అది తల్లి రెండు చేతుల మధ్య ఉంది.