టీ బ్యాగ్ తీసేదాకా

మూలికల కొట్టు అబ్బాయి తల్లిని పట్టుకుని క్లినిక్‌కి వచ్చేసరికి పళ్ళ డాక్టరమ్మ తాళం వేయబోతోంది. తల్లి చేతిలోని రుమాలు ఎర్రగా తడిసింది.

నిన్ననే ఆవిడ అంగిలి నుంచి పల్చని పొర తీసి, చిగురు అరిగిన చోట అతికించి కుట్టింది డాక్టరమ్మ. కుట్లు బాగానే ఉన్నాయి. రక్తం అంగిలి నుంచి కారుతోంది.

"ఏం రుద్దారు ఇక్కడ?"

"పసుపు, కరక్కాయ పొడి," అన్నాడతను.

"ఎవరు?"

"నేనే."

తల్లి ఏదో అనబోయింది. "మీరు మాట్లాడకండమ్మా," అని డాక్టరమ్మ అతని వైపు తిరిగింది. "వేలితో రుద్దితే గడ్డకట్టిన రక్తం ఊడొస్తుంది. మూలికలు అమ్ముతూ ఆమాత్రం తెలీదా?"

అతను తలవంచుకున్నాడు. ఆమె సెలైన్‌తో పొడి కడిగి, తడిపిన టీ బ్యాగ్ అంగిలికి ఆనించింది.

"అరగంట ఇలాగే నొక్కి పట్టుకోండి. నోరు కదపకూడదు."

"అదీ ఆకేగా?" అన్నాడతను మెల్లగా.

"ఆకులతో నాకేం తగువు? టీలో వగరు కొంత సాయపడుతుంది. అసలు పని నొక్కి పట్టడమే. ఆగకపోతే కుట్టు వేస్తాను."

దేవుడు ఆకులో మందు పెట్టాడు. ఎక్కడ, ఎంత అన్నది మాత్రం మనకే ఎందుకు వదిలేశాడో అనుకున్నాడతను.

తల్లి కేసి చూశాడు. వచ్చిన ప్రతి సంబంధానికీ వంక పెట్టిన మనిషి, ఇవాళ పెదవి విప్పకుండా కూర్చుంది.

"అమ్మ అడ్డుపడకుండా వినే రోజు మళ్ళీ రాదు. ఇప్పుడే చెప్పేస్తాను," అన్నాడు. "మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుంది."

డాక్టరమ్మ చెవులు ఎర్రబడ్డాయి.

"కాదనడానికి వీల్లేని మనిషి ముందా అడిగేది? ఆవిడ మాట విన్నాకే నా మాట."

ఆ అరగంట గోడ గడియారాన్ని అతను చూసినట్టు ఎవరూ చూసి ఉండరు.

డాక్టరమ్మ టీ బ్యాగ్ తీసింది. రక్తం ఆగింది.

"పొడి రుద్దింది నేను," అంది తల్లి. "వద్దని వీడు మొత్తుకున్నాడు."

"మరి నేను తిడుతుంటే చెప్పరేం?"

"నొప్పితో ఉన్న మనిషి. తిట్లు కూడా ఆవిడకెందుకని," అన్నాడతను.

డాక్టరమ్మ అతని వైపు కాసేపు చూసింది.

"నా కోసం అబద్ధాలాడతాడు. తర్వాత నన్ననొద్దు, ముందే చెప్తున్నా. నీకిష్టమైతే నాకూ ఇష్టమే," అంది తల్లి.

"ఇక మాట్లాడింది చాలు," అంది డాక్టరమ్మ గ్లోవ్స్ విప్పుతూ. "రేపటిదాకా చల్లనివి, మెత్తనివే తినండి అత్తయ్యా."