ఆపరేషన్ సింగిల్ కాలమ్

"ఈ స్కూల్ వ్యాన్ డ్రైవర్‌ని ఎవరు చంపారు?" స్క్రీన్ మీది ఫోటో చూసి అడిగాడు దుర్గేశ్.

"ఊరు," అన్నాడు చీఫ్ ప్రతాప్. "చంపించింది మాత్రం ఒక ప్రెస్ నోట్."

వాళ్లిద్దరూ కూచున్నది సంగారెడ్డి దాటాక ఒక దాబా వెనక ఆగి ఉన్న భూసార పరీక్షల వ్యాన్‌లో. బయట నాగలి బొమ్మ, లోపల మూడు మానిటర్లు, ఒక శాటిలైట్ లింక్, ఏ కాగితంలోనూ పేరు కనిపించని ఒక సీక్రెట్ యూనిట్. రైతులెవరైనా నిజంగానే మట్టి పట్టుకొస్తే వద్దనకుండా తీసుకోవడం కూడా చీఫ్ డ్యూటీయే. ఆ ఉదయం అలాంటి సంచులు రెండు ఆయన కాళ్ల దగ్గర ఉన్నాయి.

"గ్రే డెస్క్ అని ఒక విదేశీ ముఠా. ఆయుధం ఇదీ." స్క్రీన్ మీద ఆకుపచ్చ లోగో వెలిగింది. మీడియా మిత్ర. "ఏఐ మీడియా ఔట్‌రీచ్ టూల్. ఏ రిపోర్టర్ ఏ వార్త రాస్తాడు, ఎలాంటి హెడ్డింగ్ ఇష్టపడతాడు, ఏ వేళకు మెయిల్ చూస్తాడు, అంతా చదివేస్తుంది. అతని శైలిలోనే వార్త వండి, ఫోటోతో సహా వడ్డిస్తుంది. ఇలాంటి టూల్స్‌ని స్వచ్ఛంద సంస్థలు, చిన్న వ్యాపారులు మంచికే వాడుకుంటున్నారు. వీళ్లు దాంతో ఈ అమాయకుడి మీద పిల్లల దొంగ అని వార్త వేయించారు. మర్నాడు ఊరు అతణ్ణి కొట్టి చంపింది."

"దొంగ అకౌంట్లతో ప్రచారం చేయొచ్చుగా?"

"జనం నమ్మడం మానేశారు. నిజమైన ఊళ్లో, నిజమైన రిపోర్టర్ పేరుతో, ఒక్క పేపర్ వెబ్‌సైట్‌లో పడాలి. ఆ ఒక్క లింక్ దొరికితే మిగతాది వాళ్ల బాట్ సైన్యం చూసుకుంటుంది. ఈసారి నారాయణఖేడ్. అటు కర్ణాటక, ఇటు మహారాష్ట్ర. అక్కడ ముట్టిస్తే మూడు భాషల్లో అంటుకుంటుంది."

దుర్గేశ్‌ది ఆ పక్కనే సిర్గాపూర్.

"ఇంట్లోవాళ్లకి నువ్వెవరు?"

"హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఏజెంట్‌ని, సార్."

"అలాగే ఉండు. వాళ్లెవరికీ ఫోన్ చేయకూడదు. రేపు ఫంక్షన్ హాల్లో రిపోర్టర్లకి ఫ్రీ వర్క్‌షాప్ ఉంది, 'ఏఐతో మీడియా ఔట్‌రీచ్' అని. నువ్వు మైక్‌సెట్ ఆపరేటర్‌వి. ముఠా లోపల మన మనిషి ఒకరున్నారు. మైక్‌లో ఈల వస్తోందని వాళ్లంటారు. గాలి మారిందని నువ్వనాలి."

ఆయన ఒక పెట్టుడు మీసం, ఒక తంబాకు డబ్బీ అందించాడు. డబ్బీలో తంబాకు లేదు, జామర్ ఉంది. మీట నొక్కితే పది అడుగుల మేర నెట్‌వర్క్ చచ్చిపోతుంది. బ్యాటరీ ఐదు నిమిషాలకు మించి రాదు. "ఇంతకన్నా పెద్దది అడిగితే ఫైనాన్స్ వాళ్లు వివరణ అడిగారు," అన్నాడు చీఫ్ నీరసంగా.

* * *

నారాయణఖేడ్ ఫంక్షన్ హాల్లో ఉదయం నుంచే బిర్యానీ వాసన వస్తోంది. హాజరు బాగుండడానికి ఆ వాసనే కారణమని దుర్గేశ్‌కు తెలుసు.

స్టేజి మీద షైనీ. నెమలిపింఛం రంగు పట్టుచీర, చెవికి సన్నటి మైక్, ఎవరివైపు చూస్తే వాళ్లకే చెబుతున్నట్టుండే కళ్లు. వచ్చిన ఏడుగురు విలేకరులూ ఆమె ఏం చెబితే అది రాసుకుంటున్నారు. ఏ ప్రెస్ మీట్‌లోనూ వాళ్లు అంత బుద్ధిగా రాసుకున్న దాఖలా లేదు.

"ఇక మీరు వార్త వెనక పరుగెత్తొద్దు," అంటోంది షైనీ. "మీడియా మిత్రలో రిజిస్టర్ అవ్వండి. మీకు సరిపోయే వార్త మీ ఒక్కరికే, ఎక్స్‌క్లూజివ్‌గా, మీ ఇన్‌బాక్స్‌లోకే వస్తుంది."

వెనక బెంచీలో కూచున్న ఒక పెద్దాయన పాన్ నములుతూ అందరి రిజిస్ట్రేషన్లూ తన ఫోన్‌లోనే నింపేస్తున్నాడు. పేరు శంకరప్ప. బస్టాండ్ ఎదురుగా డీటీపీ, జిరాక్స్ షాపు. ఊళ్లో విలేకరులంతా సాయంత్రం అక్కడ చేరి టీ తాగుతూ నోటితో చెబుతారు, ఆయన టైపు చేస్తాడు. ఒకరి వార్తనే హెడ్డింగ్ మార్చి అందరి పేపర్ డెస్కులకూ పంపుతాడు. అందరూ కలిసే పంపాలన్నది వాళ్ల ఒప్పందం. అలాగైతే ఫలానా వార్త మనకెందుకు మిస్సయిందని ఏ డెస్కూ ఎవర్నీ తిట్టదు.

భోజనాల వేళ శంకరప్ప మైక్‌సెట్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. దుర్గేశ్ ముఖాన్ని పరీక్షగా చూశాడు.

"నువ్వు సిర్గాపూర్ మణెమ్మ కొడుకువు గాదా?"

"కాదు పెద్దాయనా. మాది జహీరాబాద్."

"హౌదప్పా, అట్లనే గానీ," అన్నాడు శంకరప్ప నవ్వి. "మీసం మాత్రం మంచిగున్నది." బిర్యానీ వైపు వెళ్లిపోయాడు.

ప్రభుత్వం రెండేళ్లు తీర్చిదిద్దిన మారువేషం అరనిమిషంలో అనుమానంలో పడింది. దుర్గేశ్ మీసం సర్దుకుంటుంటే పక్కన సెంటు వాసన వేసింది.

"మీ మైక్‌లో ఈల వస్తోంది," అంది షైనీ మెల్లగా.

"గాలి మారింది, మేడం."

"వార్త ఈ సాయంత్రమే రిలీజ్ అవుతుంది. ఇది వార్త బయటికి పోకుండా సర్వర్‌ని లాక్ చేసే డాంగిల్. మీ సౌండ్ కంట్రోల్ ల్యాప్‌టాప్ హాల్ నెట్‌వర్క్‌లోనే ఉంది కదా, ఐదయ్యేలోపు దానికి పెట్టండి. నేను పెడితే పట్టుకుంటారు." అతని అరచేతిలో పెన్‌డ్రైవ్ లాంటి చిన్న నల్లటి డాంగిల్ పెట్టింది. "ఆపాల్సిన వార్త ఏమిటో కూడా చూసుకోండి. డ్రాఫ్ట్ మీ మెషీన్‌కి పంపాను."

* * *

డ్రాఫ్ట్ తెరిచేసరికి నాలుగు దాటింది. హాలు ఖాళీ అయింది. కుర్చీలు మడిచే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

*కంగ్టి తండాలో ఘోరం. టీకా వికటించి పసిపిల్లల మృతి. నర్సు నిర్లక్ష్యమే కారణమంటూ ఆగ్రహం.*

కింద ఫోటో. తెల్లకోటు, చేతిలో టీకాల డబ్బా, వెనక ఏడుస్తున్న తల్లులు. తల్లులు ఏఐ గీసిన వాళ్లు. నర్సు మాత్రం అసలు మనిషి. ఏఎన్ఎం అరుణజ్యోతి, దుర్గేశ్ అక్క.

ఈ రోజు టీకాల రోజు. ఆమె ఇప్పుడు ఆ తండాలోనే ఒంటరిగా ఉంటుంది. చీకటి పడేలోపు ఈ వార్త చుట్టుపక్కల ఫోన్లలో పడితే ఆమె రోడ్డెక్కేదాకా కూడా ప్రాణాలతో ఉండదు. ఏ పరికరాన్నైనా ముందు తనిఖీ చేయాలని ట్రైనింగ్‌లో మొదటి రోజే చెబుతారు. ఆ సంగతి అతనికి గుర్తే రాలేదు. డాంగిల్ తీసి ల్యాప్‌టాప్‌కు గుచ్చాడు.

స్క్రీన్ పచ్చగా మెరిసింది. *రిలీజ్ అప్రూవ్ అయింది. ఏడుగురికి డెలివరీ పూర్తి.*

జేబులో ఫోన్ మోగింది. "థాంక్యూ, దుర్గేశ్," అంది షైనీ గొంతు, వెనక కారు చప్పుడుతో. "అప్రూవల్ మీ మెషీన్ నుంచే వెళ్లింది. రేపు గొడవలయ్యాక విచారణలో దొరికేది మీ యూనిట్టే. మీ చీఫ్ దగ్గర జీతం తీసుకున్న మాట నిజమే. వీళ్లు ఇంకాస్త బాగా ఇస్తారు."

కాల్ కట్టయింది. సొంత అక్క చావును సొంత చేత్తో పంపానని దుర్గేశ్‌కు అర్థమైంది. వెంటనే చీఫ్‌కి ఫోన్ చేశాడు.

"ఆ అమ్మాయిని నాకు వదిలెయ్," అన్నాడు ప్రతాప్, అంతా విని. "నువ్వు రిపోర్టర్లని పట్టుకో."

"సార్, కంగ్టి వెళ్లి అక్కను..."

"నువ్వు కంగ్టి చేరేలోపు లింక్ చేరుతుంది. ఎవరూ వెబ్‌సైట్‌లో వేయకపోతేనే మీ అక్క బతుకుతుంది. పరుగెత్తు."

* * *

శంకరప్ప షాపులో తగువు జరుగుతోంది.

ఏడుగురి ఇన్‌బాక్సులూ ఆయన కంప్యూటర్లోనే ఉంటాయి. డెస్కులు మెయిల్ ఐడీలు అడిగిన రోజున అందరికీ ఆయనే తెరిచిపెట్టాడు, పాస్‌వర్డులు ఆయన దగ్గరే ఉండిపోయాయి. వేల రిపోర్టర్ల అలవాట్లు చదివిన మీడియా మిత్రకు ఈ ఒక్క అలవాటు తెలీదు. ఏడు రకాల శైలుల్లో, ఏడుగురు వేరువేరు ప్రత్యక్ష సాక్షులతో అది వండిన ఏడు ఎక్స్‌క్లూజివ్‌లూ ఒకే బల్ల మీద, ఒకే ప్రింటర్ నుంచి వేడివేడిగా పడ్డాయి. పైన అన్నిటి మీదా ఒకటే మాట: మీ ఒక్కరికే.

"నాకొక్కనికే అని రాసిండ్రు, మల్ల నీకెట్లొచ్చింది?" అని ఒకరంటే, "నువ్వే నాది సూసినవ్" అని ఇంకొకరు. నగేష్ అనే విలేకరి మాత్రం తగువులో లేడు. గడప దగ్గర నిలబడి తన కాగితంలోది ఫోన్‌లో, పేపర్ యాప్‌లోకి టైపు చేసేశాడు. వేలు 'బ్రేకింగ్' బటన్ మీదికి వెళ్తోంది.

దుర్గేశ్ తంబాకు డబ్బీ మీట నొక్కాడు.

బటన్ నొక్కగానే నగేష్ ఫోన్‌లో చక్రం తిరగసాగింది. "అరె, నెట్ వోయింది," అన్నాడు నగేష్.

డబ్బీ మీద ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది. అది ఆరిపోతే నెట్‌వర్క్ వస్తుంది. నెట్‌వర్క్ వస్తే ఆ వార్త దానంతటదే వెళ్లిపోతుంది.

"నగేషన్నా, అది తీసెయ్. గా వార్త అబద్ధం," అన్నాడు దుర్గేశ్. తెచ్చిపెట్టుకున్న భాష ఎప్పుడు జారిపోయిందో అతనికే తెలీదు.

"మైక్‌సెటోనివి, నీకేం ఎరుక?" నగేష్ కళ్లెత్తకుండానే అన్నాడు. "రెండుసార్లు వార్త మిస్సయిందని డెస్క్ నన్ను ఇజ్జత్ తీసి ఇడిచింది. ఇంగోసారైతే ప్రెస్ కార్డు గుంజుకుంటరు. ఇదన్న నా పేరు మీద ముందుగాల పోనియ్."

"అరె నగేషా, గివి సూడు జర," శంకరప్ప కాగితాలు పట్టుకుని లేచాడు. "నీ దాంట్ల నర్సు కర్ణాటకకు ఉర్కింది. దీంట్ల ఊరోళ్లు పట్టుకొని కట్టేసిండ్రు. గిండ్ల దవాఖానల తాళమేసుకొని కూసున్నది. ఒక్క మనిషి ఇన్ని తీర్ల ఎట్లుంటదిరా?"

"ఏదో ఒకటి నిజమైతది గదా కాకా."

చుక్క ఎర్రబడింది. దుర్గేశ్ నగేష్ చేతిలోంచి ఫోన్ లాక్కోవచ్చు. ఒక్క దెబ్బతో పడగొట్టనూవచ్చు. కాని నగేష్ వేలిముద్ర లేకుండా ఆ ఫోన్ తెరుచుకోదు. పగలగొట్టినా ఆ కాగితం పట్టుకుని ఇంకో ఫోన్ అందుకుంటాడు. మనిషి ఒప్పుకోవాలి తప్ప వేరే దారి లేదు. దుర్గేశ్ తన శిక్షణలో ఎక్కడా లేని పని అప్పుడు చేశాడు. మీసం పీకేశాడు.

"అన్నా, ఆమె మా అక్క."

నగేష్ ఫోన్ మీంచి కళ్లెత్తాడు.

"మా అక్క అరుణజ్యోతి. ఇప్పుడు గా తండాల ఒక్కతే ఉన్నది. నువ్వు పంపినవంటే సంపుతరు. నీ కాళ్లు మొక్కుత, తీసెయ్."

చుక్క కొట్టుకుంటోంది. నగేష్ అతని ముఖంలోకి చూశాడు, తర్వాత శంకరప్ప వైపు.

"నిజమేరా," అన్నాడు శంకరప్ప. "మణెమ్మ కొడుకే. మీసం పెట్టుకుంటే ముక్కు మారుతదా?"

నగేష్ బొటనవేలు కదిలింది. చక్రం ఆగింది. వార్త చెరిగిపోయింది. డబ్బీ మీది చుక్క ఆరిపోవడం, షాపులో ఫోన్లన్నీ ఒక్కసారిగా టింగుమనడం వెంటవెంటనే జరిగాయి.

"ఫోన్ జేసి అడుగుదాం ఉండున్రి," అన్నాడు శంకరప్ప. ఆమె నంబరు ఆయన దగ్గరుంది. ప్రతి టీకాల రోజుకు ముందు ఆమె ఫోన్ చేసి, తల్లులకు తెలిసేలా ఒక్క ముక్క పేపర్లో పెట్టమని అడుగుతుంది. ఎవరూ ఎన్నడూ పెట్టలేదు. అందులో వార్తేముందని వాళ్ల అభిప్రాయం.

వీడియో కాల్‌లో ముందు ఒక పసివాడి ఏడుపు వినిపించింది. తర్వాత అలసిన ముఖం కనిపించింది.

"శంకరప్ప కాకా, ఇయ్యాలన్న పెడుతున్నరా వార్త?" అంది అరుణజ్యోతి. అంతలో వెనక నిలబడ్డ తమ్ముణ్ణి చూసింది. "దుర్గేశా? నువ్వేంది ఆడ?"

"ఇన్సూరెన్స్ పని మీద వచ్చిన, అక్కా."

"రెండేండ్ల సంది ఒక్క ఫోన్ లేదు. ఏడుస్తున్నవా ఏంది?"

"లేదక్కా. కంట్ల ఏదో పడ్డది."

"కడుక్కో. నేను జెర్ర పని మీదున్న, గీ పిల్లగాడు ఉర్కుతుండు." కాల్ కట్టయింది. నగేష్ తన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి ప్రింటర్ పక్కన పెట్టాడు.

* * *

మర్నాడు ఉదయం చీఫ్ వ్యాన్‌లో షైనీ పట్టుచీర కొంగు నలిగి ఉంది. బీదర్ రోడ్డులో ఆమె కారును ఆపింది భూసార పరీక్షల సిబ్బందే.

"టూల్‌లో లోపం లేదు," అంది ఆమె దుర్గేశ్‌ను చూసి. "మీ వాళ్లు పని దొంగలు కాబట్టి బతికిపోయారు. అన్ని ఊళ్లలోనూ ఇలా ఉండదు."

పక్క ఊళ్లో ఎవరి ఇన్‌బాక్స్ వాళ్ల దగ్గరే ఉంటుంది. అక్కడ ఏ నగేష్‌కు ఏ భయం ఉందో టూల్‌కు ఇప్పటికే తెలిసి ఉంటుంది. రాత్రంతా దుర్గేశ్‌కు నిద్ర పట్టనిది అందుకే. ఆ స్కూల్ వ్యాన్ డ్రైవర్ పేరు చీఫ్‌ను అడిగి తెలుసుకున్నాడు.

"రిపోర్ట్ పూర్తి చేయాలి," అన్నాడు ప్రతాప్. "గ్రే డెస్క్‌కి నారాయణఖేడ్‌లో వచ్చిన కవరేజ్?"

"సున్నా, సార్."

"మనకి?"

దుర్గేశ్ ఫోన్ చూపించాడు. అక్క పంపిన పేపర్ ఫోటో. జిల్లా పేజీ అట్టడుగున, ఎరువుల ప్రకటన పక్కన, తండాలో టీకాల కార్యక్రమం విజయవంతం అని సింగిల్ కాలమ్ వార్త. మామూలుగా విలేకరి పేరు బదులు వేసే 'నారాయణఖేడ్, న్యూస్‌టుడే' అన్న మాట లేదు. నగేష్ అని పేరుంది. కింద అక్క మెసేజ్ చేసింది:

"ఇన్ని దినాల సంది అడిగితే పెట్టనోళ్లు నువ్వొచ్చినంక పెట్టిండ్రు. గా ఇన్సూరెన్స్ బంద్ జేసి ఇదే పని జెయ్యరాదురా. నీకు ఇదొక్కటన్న సక్కగ ఒస్తది."