మోగని తుపాకి

దేచమ్మ పాలు పితుకుతోంది. చెంబు సగం నిండింది. దూడ తాడు తెంచుకునేలా లాగుతుంటే, "ఆగు తల్లీ, నీ వాటా నీకు ఉంచుతాలే!" అంటూ మోకాళ్ళ మధ్య చెంబును సర్దుకుంది. అంతలో మిట్ట మీద ఇంటివైపు నుంచి ధన్ మని మోత! ఆవు బెదిరి కాలు జాడించింది. దేచమ్మ చేతులు ఆగిపోయాయి. ఒక్కటే అయితే ఎవరో అడవిపందిని తరుముతున్నారనుకోవచ్చు... ఆమె ఊపిరి బిగబట్టింది. రెండోది మోగకూడదు... దేవుడా, మోగకూడదు!

మోగింది.

చెంబు దొర్లిపోయింది. కొడగులో ఆ లెక్క నడక రాని పిల్లలకు కూడా తెలుసు. ఇంట్లో మగబిడ్డ పుడితే ఒక్క మోత, మనిషి పోతే రెండు. "మామయ్యా!" అని అరుస్తూ కాఫీ చెట్ల మధ్య నుంచి అడ్డంగా పరుగెత్తింది. కొమ్మలు మొహాన కొడుతున్నాయి. ఎనిమిదేళ్ళ కిందట కూడా ఇలాగే రెండు మోతలు! ఆరోజు వాటిని కాల్చింది మామగారే. చనిపోయింది ఆమె భర్త బిద్దప్ప. వసారా మూలన ఉన్న తుపాకిని తుడుద్దామని తీస్తే అది పేలింది. కొడుకును తీసుకుపోయిన తుపాకితోనే ఆ చావుకబురు తండ్రి ఊరికి చెప్పవలసి వచ్చింది...

ఆమె ముంగిట్లోకి వచ్చేసరికి పక్క తోట పూవయ్య, ఆయన భార్య, మరో పదిమంది అక్కడే ఉన్నారు. పూవయ్య భుజాన చావింటికి తెచ్చే తెల్లగుడ్డ కూడా ఉంది. వాళ్ళ మధ్య, అరుగు మీద, తలపాగా చేతిలో పట్టుకుని మామగారు మాచయ్య... కూర్చుని ఉన్నాడు! బతికే ఉన్నాడు! ఆయన పక్కన దేచమ్మ పదిహేనేళ్ళ కూతురు బొళ్ళమ్మ తల వంచుకుని నిలబడింది. గుమ్మానికి ఆనించిన బల్ల మీద తుపాకి, తోట గట్టు దగ్గర పగిలిన కొబ్బరికాయ.

"చావుకొచ్చినవాళ్ళని ఉత్తచేతులతో పంపిస్తావా మాచన్నా? కాఫీ అయినా పోయించు!" అంటున్నాడు పూవయ్య.

"అందరికంటే ముందు నువ్వే తయారయ్యావు. అంత తొందరేంట్రా నీకు?" అన్నాడు మాచయ్య. "మొదటి దెబ్బకే కాయ పగలగొట్టింది నా మనవరాలు! ఆ సంతోషంలో ఇంకోటి కొట్టవే అన్నాను. రెండు మోగితే ఏమవుతుందో మర్చిపోయాను."

అందరూ నవ్వారు. దేచమ్మ నవ్వలేదు. వచ్చినవాళ్ళకు కాఫీ ఇచ్చింది, బెల్లం ఇచ్చింది, అందరినీ సాగనంపింది. చివరి మనిషి గేటు దాటాక వెనక్కి తిరిగింది.

"పొద్దున తుపాకికి నూనె రాయాలని బీరువా తాళంచెవి అడిగారు. ఇందుకా మామయ్యా? ఎనిమిదేళ్ళు ఆ తాళంచెవి నా నడుముకి కట్టుకు తిరిగాను... ఏటా ఆయుధాల పండక్కి తీసి పూజ చేశాను, మళ్ళీ బీరువాలో పెట్టాను. ఈ పిల్ల ఒక్కతే కదా నాకు మిగిలింది!"

"తాతనేమీ అనకమ్మా!" బొళ్ళమ్మ ఏడుపు దిగమింగుకుంది. "అన్నీ సరిగ్గానే చేశాను. చేతికి ఎవరిచ్చినా సరే, నిండి ఉందనే అనుకోవాలి. మధ్యకి వంచి, రెండు గొట్టాల్లోంచి ఆకాశం కనబడేదాకా కళ్ళు తియ్యకూడదు. గుమ్మం దాటేముందు మళ్ళీ వంచాలి. కాల్చేదాకా వేలు బయటే ఉండాలి. తుపాకి పట్టినవాళ్ళ వెనకే నడవాలి. వచ్చే వారం కైల్ పొదు పండగలో కాయ కొట్టడానికి మనింటి పేరు పిలిస్తే ఎవరూ లేవరమ్మా... ప్రతి ఏడూ అంతే. ఈసారి నేను లేస్తాను!"

"ఇవన్నీ మీ నాన్నకీ తెలుసే!" దేచమ్మ తుపాకి వైపు చెయ్యి చూపింది. "ఏమైంది మరి?"

"తెలుసు," అన్నాడు మాచయ్య. "వాడు ఏదీ మర్చిపోలేదు దేచూ... మర్చిపోయింది నేను. ఆరోజు మడిలోకి పందులొస్తే తుపాకి తీసుకెళ్ళింది నేనే. వానలో తడిసి వచ్చి, గొట్టాలు చూడకుండా మూలన పెట్టేశాను. మా నాన్న నేర్పిన మొదటి మాటే తప్పాను! వాడే తీసుకెళ్ళాడని అందరికీ చెప్పాను... చనిపోయిన నా కొడుకు మీద నింద వేశాను. ఈ పిల్లకి ఆ మాట నేర్పందే నా ప్రాణం పోదే..."

బొళ్ళమ్మ నోరు తెరుచుకుని తాతవైపు చూసింది. దేచమ్మ మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నాకు తెలుసు మామయ్యా."

"ఏంటీ?"

"ఆరోజు ఆయన మడికేరి నుంచి బస్సు దిగి గంటయినా కాలేదు. తుపాకి మడమకి మాత్రం మన మడి బురద తడితడిగా ఉంది. పోలీసులు రాకముందే... రక్తంతోపాటు అదీ నేనే తుడిచేశాను. కొడుకుని పోగొట్టుకున్న మీరు, ఆ మాట కూడా ఎలా మోస్తారులే అనుకున్నాను."

మాచయ్య రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఎనిమిదేళ్ళు... ఈ ఇంటి కోడలు తనకు అన్నం వడ్డించింది, కాళ్ళకు వేణ్ణీళ్ళు పెట్టింది, ఒక్క రోజు కూడా ఒక్క మాట జారలేదు! ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతుంటే బొళ్ళమ్మ వెళ్ళి పట్టుకుంది.

దేచమ్మ చూపు బల్ల మీద తుపాకిపై నిలిచింది. పుట్టింట్లో ఆమె తండ్రి కూడా ఇలాంటిదే ఆమె భుజానికి ఆనించి, "ఊపిరి వదిలాక నొక్కమ్మా" అనేవాడు. పెళ్ళికి ముందు ఏడు పండగల్లో ఏడు కొబ్బరికాయలు! ఈ ఇంటికొచ్చాక కోడలి చేతికి ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగలేదు. బొళ్ళమ్మ పుట్టిన ఉదయం, లోపలి గదిలో బిడ్డను గుండెకు హత్తుకుని, ముంగిట్లోంచి బిద్దప్ప గొంతు విన్నది. "ఒక్కటి కాల్చనా నాన్నా?" "ఆడపిల్లకి ఆచారం కాదురా." తర్వాత ఆడపిల్ల పుడితే మోగించే కంచుపళ్ళెం మీద గరిటె చప్పుడు. అయినా ఆమె చాలాసేపు చెవులు రిక్కించి వింది... మోగని ఆ ఒక్క మోత కోసం!

మాచయ్య మెల్లగా లేచాడు. కోటు జేబులోంచి ఒక తూటా తీసి, తడుముకుంటూ కోడలి అరచేతిలో పెట్టాడు.

"ఈ పిల్ల పుట్టిన రోజు బిద్దప్ప ఒక్కటి కాలుస్తానంటే వద్దన్నాను. ఇది వాడిది. పదిహేనేళ్ళు ఆలస్యమైంది. నా కళ్ళకి దూరం ఆనదు... నువ్వు కాల్చు తల్లీ. తర్వాత నేర్పేదీ నువ్వే."

"మళ్ళీ మోగితే ఊరంతా పరుగెత్తుకొస్తారు తాతా!" అంది బొళ్ళమ్మ, ఏడుస్తూనే.

"రానీ. ఒక్కటే కదా... మా ఇంట్లో బిడ్డ పుట్టిందని చెబుదాం."

దేచమ్మ తూటాను గుప్పిట్లో మూసుకుంది. తుపాకి తీసి మధ్యకి వంచి, కన్ను ఆనించి చూసింది. రెండు గొట్టాల చివర రెండు గుండ్రటి సాయంత్రపు ఆకాశాలు. ఖాళీగా ఉంది. అలాగే వంచి ముంజేతికి వేసుకుంది. మామగారు గుమ్మానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని, చెవి ముంగిటివైపు తిప్పాడు. దేచమ్మ అరుగు మెట్లు దిగింది. రెండడుగులు వెనకగా బొళ్ళమ్మ నడిచింది.